బూడిదకోట గెలిచినవాడు

మా బావ కళ్ళు పరీక్ష చేస్తాడు. డాక్టరు కాదు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కు మీద గుండ్రటి బరువైన చట్రం ఒకటి నిలబెట్టి, అందులో అద్దాలు వేస్తూ తీస్తూ ఉంటాడు. ఒక అద్దం వేసి "ఇది ఒకటి" అంటాడు. అది తీసి ఇంకోటి వేసి "ఇది రెండు. ఏది బాగుంది?" అంటాడు. ఈ పని చేసేవాళ్ళు మామూలుగా గోడ గడియారం చూసుకుంటూ అడుగుతారు. మా బావ మాత్రం స్టూలు అంచుకు జరిగి, ఊపిరి బిగబట్టి అడుగుతాడు. ఒకటి అంటే ఎదుటి మనిషి గుహలో పడతాడు, రెండు అంటే నిధి దొరుకుతుంది అన్నంత ఉత్కంఠ ఆయన మొహంలో ఉంటుంది. ఒకసారి ఒక బస్సు డ్రైవరుకు చెమటలు పట్టాయి. "తప్పు చెప్తే ఏమవుతుందండీ?" అని భయంభయంగా అడిగాడు.

"ఏమీ కాదు, మళ్ళీ మొదటినుంచి వద్దాం" అన్నాడు బావ మహా సంతోషంగా.

నేను ఆయన మరదల్ని. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని నాది. నా బల్ల కౌంటరుకీ వెనకగదికీ మధ్యన ఉంటుంది కాబట్టి ఈ దుకాణంలో నా చెవిన పడని మాట లేదు. కౌంటరు దగ్గర కూర్చునేది పెద్దబావ, అంటే బావకు అన్నగారు. దుకాణం ఇద్దరిదీ. మాట మాత్రం పెద్దబావది. వయసులో పెద్దవాడని కాదు, తెలివి ఎక్కువని అసలే కాదు. చిన్నప్పుడు పెద్దబావ బూడిదకోట గెలిచాడు, మా బావ గెలవలేదు. అంతే సంగతి.

పెళ్ళయిన కొత్తలో అక్క నాకు ఫోన్ చేసి, "మనుషులు మంచివాళ్ళేనే, కానీ అన్నదమ్ములిద్దరి మధ్యా ఏదో కోట గొడవ ఉంది. ఎక్కడుందని అడిగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు" అంది. ఆస్తి తగాదా అనుకుంది పిచ్చిది. అది పుస్తకమని తెలిశాక, కోట ఉంటేనే బాగుండేదని కూడా అంది.

ఆ తరహా పుస్తకాలు ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. కథ తిన్నగా నడవదు. పుస్తకమంతా అంకెలు వేసిన చిన్న చిన్న ముక్కలు. హీరో చదివేవాడే. "మీ ఎదుట రెండు తలుపులున్నాయి. ఎడమది తెరిస్తే నూటపన్నెండుకు వెళ్ళండి. కుడిది తెరిస్తే నలభై ఒకటికి వెళ్ళండి" అని ఉంటుంది. నలభై ఒకటికి వెళ్తే అక్కడ నోరు తెరుచుకుని మొసలి. దానితో పోరాడడానికి పాచిక వేయాలి. మన బలం ఎంత, అదృష్టం ఎంత అని పెన్సిలుతో రాసుకుని, దెబ్బ తగిలినప్పుడల్లా చెరిపి తగ్గించుకోవాలి. చచ్చిపోతే మళ్ళీ ఒకటో ముక్క నుంచి. జట్టు అక్కర్లేదు, మైదానం అక్కర్లేదు, ఒంట్లో సత్తువ అసలే అక్కర్లేదు. చిన్నప్పుడు పుల్లలా ఉండి, ఆటల్లో ఎవరూ చేర్చుకోని మా బావకు అది స్వర్గం.

వాళ్ళ వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేదట. బూడిదకోట ఒక్కటే ప్రతి. వీధిలో పిల్లలందరూ అందులోనే రాసి, చెరిపి, మళ్ళీ రాసి, ఆ లెక్కల పేజీ పలచబడిపోయి అవతలి పేజీలో అక్షరాలు కనిపించేవట. పాచిక ఎక్కడో పారేసుకుంటే, ఆరు పలకల పెన్సిలు మీద బ్లేడుతో గాట్లు పెట్టి నేల మీద దొర్లించేవాళ్ళట. దొర్లించేదీ ఆ పెన్సిలే, రాసేదీ ఆ పెన్సిలే. చెక్కినకొద్దీ అంకెలు పోతుంటే మళ్ళీ గాట్లు. ఇది చెప్పేటప్పుడు మా బావ మొహం చూడాలి. యాభై దాటిన మనిషి, చేతులు గాలిలో దొర్లిస్తూ, పడిన అంకె చూడడానికి నిజంగానే నేల మీదికి వంగుతాడు.

ఈ పుస్తకాలు చదివేవాళ్ళలో రెండు జాతులున్నాయని అక్క పెళ్ళయ్యాక తెలిసింది. వేలు పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు. ఎడమ తలుపు తెరిచేముందు ఆ పేజీలో వేలు ఉంచి వెళ్తే, అక్కడ చావు ఎదురైనా చల్లగా వెనక్కి వచ్చి కుడి తలుపు తెరవచ్చు. నేను ఆ జాతి. అపరాధ పరిశోధన నవల కొంటే ముందు ఆఖరి పేజీ చదివి, హంతకుడు ఎవరో తెలుసుకుని, తర్వాత మొదటినుంచి హాయిగా చదువుకుంటాను. మా బావ ఎన్నడూ వేలు పెట్టలేదు. చచ్చినప్పుడల్లా చచ్చానని ఒప్పుకున్నాడు. పెద్దబావ మాత్రం ఒక రోజు బడి నుంచి వచ్చి, గెలిచేశాను అన్నాడట. ఆ తర్వాత కొన్నాళ్ళకే కొట్టు మూసేశారు, పుస్తకం ఎటుపోయిందో ఎవరికీ తెలియదు.

ఇక చూడండి మన తిప్పలు. ఇంటికి ఏ రంగు వేయాలి? దుకాణం బోర్డు ఎంత పెద్దది ఉండాలి? అక్క కూతురు ఏం చదవాలి? అన్నిటికీ చివర పెద్దబావ మెడ నిటారుగా పెట్టి, "గెలిచినవాణ్ణి చెప్తున్నాను" అనేవాడు. బావ తల ఊపేవాడు. ముందు ఎగతాళిగా మొదలై ఉంటుంది, తర్వాత చట్టమై కూర్చుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే లోకం ఒప్పుకోదు గానీ, బూడిదకోట గెలిచినవాడంటే మా బావ ఒప్పుకుంటాడు.

ఆ లెక్కనే మొన్న పెద్దబావ మిషను కొంటానన్నాడు. గడ్డం ఆనించి లోపలికి చూస్తే చాలు, అదే కళ్ళు కొలిచేసి చీటీ ఇస్తుందట. ఒకటా రెండా అని అడిగే పనే ఉండదు. వెనకగది గోడ కొట్టేసి అక్కడ చలవ కళ్ళద్దాలు వరసగా పేర్చాలని కూడా నిర్ణయించేశాడు. బావ కౌంటరులో కూర్చుని బిల్లులు రాసుకోవచ్చట. "కొత్త దుకాణాలన్నిటిలో అదే పద్ధతి. గెలిచినవాణ్ణి చెప్తున్నాను" అన్నాడు.

బావ వెనకగదిలోకి వెళ్ళి అద్దాల పెట్టె ముందు కూర్చుని, ఒక్కో అద్దం తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. ఆ గది లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడు అనిపించింది నాకు. అక్క ఇంట్లో చెవిలో జోరీగలా పోరింది. "నీకూ నోరుంది కదయ్యా, వద్దని చెప్పు."

"ఎలా చెప్పనే? గెలిచింది వాడు" అన్నాడు బావ.

దేవుడున్నాడో లేడో నేను చెప్పలేను గానీ పాత పుస్తకాలవాడున్నాడు. ఆ వారమే, ఫుట్‌పాత్ మీద వంటల పుస్తకాలకీ పాత డైరీలకీ కింద బావకు బూడిదకోట దొరికింది. అట్ట చిరిగింది గానీ లోపల ఒక్క కాగితం పోలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని దుకాణంలోకి వచ్చాడు. తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్ళాడు.

"అన్నయ్యా, నేను కూడా గెలిస్తే?"

పెద్దబావ పుస్తకం వైపు చూసి, ఒక ఫ్రేము తీసి, అవసరం లేకపోయినా దాని కాలు బిగించాడు. "గెలిస్తే మిషను వద్దు. నీ గది నీదే. కానీ మిషను వచ్చేలోపు గెలవాలి. వేలు పెట్టకూడదు."

"ఎప్పుడు పెట్టాను? మరదలు సాక్షి" అన్నాడు బావ.

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు వేలు పెట్టేదాన్నే సాక్షిగా పెట్టారు. సరే అన్నాను.

ఆ తర్వాతి రోజులు దుకాణం దుకాణంలా లేదు. పరీక్షకూ పరీక్షకూ మధ్య బావ పేషెంట్ల కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆడేవాడు. పాచిక దొర్లిన చప్పుడు, తర్వాత ఒక నిట్టూర్పు. "చచ్చాను" అని ప్రశాంతంగా ప్రకటించి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. ఒక ముసలమ్మ ఇచ్చిన మిఠాయి తిని చచ్చాడు. అస్థిపంజరానికి మర్యాదగా నమస్కారం పెట్టి చచ్చాడు. గబ్బిలం మీద జాలిపడి చచ్చాడు. మా బావ ఎలాంటివాడో తెలియాలంటే ఆయన చచ్చిన పద్ధతులు చూస్తే చాలు, అన్నీ మంచితనంతోనే పోయాడు.

వచ్చినవాళ్ళు కూడా ఊరుకుంటారా? ముక్కు మీద చట్రంతో, ఒక కన్ను మూసుకుని, సలహాలు మొదలుపెట్టారు. ట్రాఫిక్ పోలీసు, "ఎడమవైపే వెళ్ళండి, రూలు అదే" అన్నాడు. ఎడమవైపు వెళ్తే నుయ్యి. పోలీసు నొచ్చుకుని, ఆ నూతి దగ్గర బోర్డు పెట్టాల్సిందన్నాడు. దర్జీ ఆవిడ కొత్త కళ్ళజోడు తీసుకున్నాక కూడా ఇంటికి వెళ్ళదు, "ఆ తాళంచెవి దొరికాక వెళ్తాను" అని బల్ల మీద కూర్చుంది. లెక్కల మాస్టారు పాచిక మీద ఆరు పడడానికి ఉన్న అవకాశం వివరించబోతే అందరూ కలిసి ఆయన్ని కూర్చోబెట్టేశారు. పెద్దబావ కౌంటరులో ఇవేవీ వినిపించనట్టు ఉండేవాడు. బావ టీ తాగడానికి బయటికి వెళ్ళగానే మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "ఎంతదాకా వచ్చాడమ్మా?" అని గొంతు తగ్గించి అడిగేవాడు.

చాలాదాకా వచ్చాడు. తాళంచెవులు మూడూ సంపాదించాడు. ఎవర్ని చంపితే కోట గెలిచినట్టో ఆ మాంత్రికుడి తలుపు తెరిచాడు. తలుపు వెనక మెట్లున్నాయి. మెట్లు దిగితే ఒక వసారా, వసారా దాటితే మళ్ళీ అదే తలుపు. ఇంకో దారిన వెళ్ళాడు, మళ్ళీ అదే తలుపు. గోడకు పెద్ద కాగితం అంటించి కోట పటమంతా గీశాడు. ఎటు తిరిగినా తలుపు, మెట్లు, వసారా. "ఎక్కడో ఏదో వదిలేశాను" అంటాడేగానీ మనిషి తగ్గడు. అంత వాడిపోయిన మొహంలోనూ కళ్ళు మెరుస్తూనే ఉన్నాయి.

మర్నాడు మిషను వస్తుందనగా నా ఓపిక అయిపోయింది. నా దగ్గర అది ఎప్పుడూ తక్కువే. బావ లోపల ఎవరికో పరీక్ష చేస్తుంటే పుస్తకం నా బల్ల మీదికి లాక్కున్నాను. ఆట ఆడేది ఆయన, నేను కాదు. నాకు నియమం ఏమిటి? ఆఖరి ముక్క తీశాను, మూడువందలు. చదివాను. పెద్ద గొప్పగా ఏమీ అనిపించలేదు. సరే, వెనకనుంచి వద్దామనుకున్నాను. మూడువందలకు వెళ్ళండి అని ఏ ముక్కలో ఉందో పట్టుకుంటే, బావకు దారి చెప్పకపోయినా కనీసం కనుసైగ చేయొచ్చు.

లేదు. నా పని భూతద్దంతో కాబట్టి అదే పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశాను. లేదు. అక్కను పిలిపించాను. నేను ఎడమ పేజీలు, అది కుడి పేజీలు చూశాం. నూటయాభైకి వెళ్ళండి అని ఉంది, రెండువందల తొంభైతొమ్మిదికి వెళ్ళండి అని కూడా ఉంది. మూడువందలకు వెళ్ళమని మాత్రం పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. రాసినవాడు మర్చిపోయాడో, అచ్చువేసినవాడు పోగొట్టాడో, కోట మొత్తం కట్టి లోపలి గదికి గుమ్మం పెట్టలేదు. వీధి వీధంతా పిల్లలు లేని గుమ్మం కోసం చచ్చి, మళ్ళీ పుట్టి, మళ్ళీ చచ్చారు.

"అయితే దీన్ని ఎవరూ గెలవలేరన్నమాట" అంది అక్క.

అప్పుడు ఇద్దరం ఒకేసారి కౌంటరు వైపు చూశాం.

అక్క నా చెయ్యి పట్టుకుని, రేపు నెమ్మదిగా అడుగుదామంది. రేపు అంటే మిషను. పైగా నెమ్మది అనేది మా ఇంట్లో దాని వాటాకే వచ్చింది. నేను తిన్నగా వెళ్ళి పుస్తకం కౌంటరు అద్దం మీద పెట్టాను.

"పెద్దబావగారూ, మీరు మూడువందలకు ఏ అంకె నుంచి వెళ్ళారు?"

ఆ మనిషి దొంగకు తేలు కుట్టినట్టు అరచేతిలో ఉన్న కళ్ళజోడు మరచీల కేసి చూశాడు. పరీక్ష ముగించుకుని బావ కూడా బయటికి వచ్చాడు. నేను ఆగుతానా? మొత్తం చెప్పేశాను. దారే లేదని, భూతద్దంతో చూశానని, అక్క కూడా చూసిందని.

బావ నమ్మలేదు. పుస్తకం తీసుకుని నిలబడే తిప్పాడు, తిప్పాడు, మెల్లగా కూర్చున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట, తర్వాత దుకాణం అదిరిపోయేలా నవ్వు. "అయితే నేను ఓడిపోలేదు" అన్నాడు. లేచి దర్జీ ఆవిడకు చెప్పాడు, "అమ్మా, నేను ఓడిపోలేదు." గుమ్మం దాకా వెళ్ళి బయట పళ్ళమ్మేవాడికి కూడా చెప్పాడు. వాడు అర్థం కాకపోయినా మంచి మాటేనని తల ఊపాడు. అంత ఆనందంలోనూ తిరిగి వచ్చేసరికి బావకు అసలు సంగతి తట్టింది.

"మరి నువ్వెలా గెలిచావు అన్నయ్యా?"

పెద్దబావ కౌంటరు వెనకనుంచి బయటికి వచ్చాడు. వెనక నిలబడినప్పుడు ఉండే ఎత్తు బయటికి వస్తే లేదు. "గెలవలేదురా. నేనూ ఆ రోజు పుస్తకం బడికి పట్టుకెళ్ళి, మీ మరదలు చూసినట్టే మొత్తం చూశాను. దారి లేదు. ఇంటికొచ్చేసరికి ముందురోజు చచ్చిన నువ్వు, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడదామని పెన్సిలు చెక్కుకుని పుస్తకం కోసం కూర్చుని ఉన్నావు. నీకు అప్పటికి వేరే ఆట లేదు. దారే లేదని ఎలా చెప్పను? ఒకడు గెలిచాడంటే దారి ఉన్నట్టే కదా అని, గెలిచానన్నాను."

అయినా అడగాల్సింది అడిగాను. "మరి దాని పేరు చెప్పి ఇన్నాళ్ళూ పెత్తనం చేశారు కదా?"

"చేశానమ్మా" అన్నాడు తల వంచుకుని. "బాగుండేది."

బావ అవేవీ విన్నట్టు లేడు. "దారే లేనప్పుడు ఎలా వెళ్ళినా తప్పు లేదు" అని తనకు తనే తీర్పు చెప్పుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూడువందలు తీశాడు. దుకాణంలో అందరూ దగ్గరికి చేరారు. గొంతు సవరించుకుని పైకి చదివాడు. "మాంత్రికుడు మరణించాడు. మీరు విజయం సాధించారు. అభినందనలు." పేజీ తిప్పాడు. అటు అట్ట. మళ్ళీ ఇటు తిప్పాడు.

"గుర్రం ఏది?" అన్నాడు.

"ఏ గుర్రం బావా?"

"అన్నయ్య చెప్పిన గుర్రం. మాంత్రికుడు పడిపోగానే కోటలో బూడిదంతా పిచ్చుకలై ఎగిరిపోతుంది. కింద నల్ల గుర్రం నిలబడి ఉంటుంది. నేను చచ్చిన ప్రతిసారీ బడికి నడిచేటప్పుడు చెప్పేవాడు. అక్కడిదాకా నువ్వూ వస్తావురా అనేవాడు. అది ఇందులో లేదేంటి?"

అందరం పెద్దబావ కేసి చూశాం. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది నేను కల్పించాను. మూడువందలు నేను ఇప్పటిదాకా చదవలేదు."

"వెతికినప్పుడు ఆ పేజీ తియ్యలేదా?" అన్నాను.

"అక్కడిదాకా వచ్చి మూసేశాను. గెలవలేదు కదమ్మా, ఎలా చదువుతాను?"

చెప్పొద్దూ, నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వేలు పెట్టని జాతి ఒక్కరే అనుకున్నాను, ఇద్దరు. బావ ఆ మూడు వాక్యాలను మళ్ళీ ఒకసారి చూసి, పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"నీదే బాగుంది" అన్నాడు. "మొత్తం చెప్పు."

"ఇప్పుడా? ఇంతమంది ముందా?"

"చెప్పండి, మేమూ వింటాం" అంది దర్జీ ఆవిడ, బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ.

పెద్దబావ మొదలుపెట్టాడు. ముందు తడబడ్డాడు. పిచ్చుకలు ఎగిరేసరికి చేతులు లేచాయి. గుర్రం దగ్గరికి వచ్చేసరికి గొంతే మారిపోయింది. ఆ గుర్రం నీ పేరు పెట్టి పిలుస్తుంది, నువ్వు ఎక్కగానే కోట గోడలు పక్కకు తప్పుకుంటాయి అంటుంటే, గుమ్మంలో ఇద్దరు మనుషులు పెద్ద అట్టపెట్టెతో ఒగురుస్తూ వచ్చి నిలబడ్డారు. ఈ వైపు వేరే పని ఉండి ఒక రోజు ముందే తెచ్చేశామన్నారు.

"మిషను ఎక్కడ పెట్టమంటారు సార్?"

పెద్దబావ అలవాటు చొప్పున మెడ నిటారుగా పెట్టి, "గెలిచిన" అని అక్కడే ఆగిపోయాడు.  తర్వాత తమ్ముడి వైపు తిరిగి, నేను ఈ దుకాణంలో చేరాక ఎప్పుడూ వినని మాట అన్నాడు. "ఏం చేద్దాంరా?"

బావ ఆలోచించడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "వెనక్కి తీసుకెళ్ళండి బాబూ. ఇప్పుడే కాదులెండి, బరువు మోసుకొచ్చారు, కాసేపు కూర్చోండి. గుర్రం సముద్రం దగ్గరికి వచ్చింది."

వాళ్ళు అట్టపెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చున్నారు. పెద్దబావ మళ్ళీ మొదలుపెట్టాడు. గుర్రం ఒడ్డున ఆగింది, కెరటం వెనక్కి వెళ్ళింది, ఇసకలో ఏదో మెరిసింది. అక్కడ ఆయనకు తర్వాత ముక్క గుర్తు రాలేదు. నుదురు రుద్దుకుంటూ పైకి చూశాడు, కిందికి చూశాడు.

ఆ తర్వాతిది బావ చెప్పాడు. ఒక్క మాట పోకుండా చివరిదాకా ఆయనే చెప్పాడు.